చేతులు పెట్టే చోటు

శాలువకి రెండు చిరుగులున్నాయి, ప్రారంభోత్సవం లోపు కనబడకుండా రఫ్ఫు చేసివ్వాలి అని ఆఫీసరమ్మ చెప్పినప్పుడు సూదమ్మ సరేనని తలూపింది. మహలు మ్యూజియంగా మారుతోందన్న దగ్గర్నుంచీ ఆమెకి ఇదే పని. ఎలకలు కొరికిన తెరలు, పురుగు పట్టిన తివాచీలు, చంకల దగ్గర చివికిపోయిన జరీ అంగీలు ఒకదాని తర్వాత ఒకటి ఆమె బల్ల మీదకి వస్తున్నాయి. రాజ్యం పోయింది గానీ చెమట మరకలు పోలేదే అని కోడలితో అంటూ ఉంటుంది. సూదమ్మ అసలు పేరేమిటో మహల్లో ఎవరికీ తెలీదు. అడిగినవాళ్లూ లేరు.

ఒకప్పుడు గుర్రాల జీన్లు దాచుకున్న గదిని ఆమెకిచ్చారు. పెద్ద కిటికీ, మంచి వెలుతురు, అంతకుమించి ఆ గదికి ఏ గొప్పా లేదు. తోలు వాసన ఇంకా గోడల్ని వదల్లేదు. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి శాలువ విప్పింది. ముదురు ఎరుపు ఉన్ని, చుట్టూ పసుప్పచ్చటి అంచు, మంచం మీద పరిచినా నేల మీదికి జారేంత పెద్దది. గద్దె మీద కప్పేవారట. ఎత్తి సర్దేసరికే భుజాలు లాగాయి.

చిరుగులు శాలువ మధ్యలో ఉన్నాయి. పక్కపక్కనే, నిలువుగా, రెండూ ఒకే కొలత. ఇదేం చిరగడమమ్మా, స్కేలు పెట్టుకుని చిరిగిందా అని నవ్వుకుంది. వేలితో అంచు తడిమింది. గుడ్డ చిరిగితే పోగులు వేలాడాలి. ఇక్కడ ఒక్క పోగు లేదు. అంచు పొడుగునా సన్నటి గట్టులా తగిలింది. కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. కాజాకి కుట్టినట్టు చుట్టూరా కుట్టారు, శాలువ రంగు దారంతోనే, కుట్టు పక్కన కుట్టు ఒత్తుగా. ఆ కుట్లన్నీ ఎడమకి వాలి ఉన్నాయి.

కుడిచేత్తో కుట్టేవాళ్ల కుట్టు అటు వాలదు. సూదమ్మకి సూది పట్టడం నేర్పింది తల్లి. ఆవిడది ఎడమచేతి వాటం. "నన్ను చూసి నేర్చుకోకే, నాది తిరకాసు చెయ్యి, అద్దంలో చూసినట్టు నేర్చుకో" అనేది.

సూదమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇదేనా అమ్మా అదీ?" అని పైకే అంది.

అమ్మ ఒకసారి కాదు, పోయేదాకా చెబుతూనే ఉండేది. రాకుమారుడికి ఫొటో తీసిన రోజు తనని గద్దె మీద కూర్చోబెట్టారు. నెత్తి మీంచి పాదాల దాకా శాలువ కప్పారు. అందుకోసమే పెట్టిన కోతల్లోంచి చేతులు బయటికి పెట్టించి ఒళ్లో పిల్లాణ్ణి పట్టుకోమన్నారు. చూసేవాళ్లకి గద్దె, శాలువ, దాని మీద దర్జాగా రాకుమారుడు కనబడాలి. కింద మనిషి ఉన్నట్టు తెలియకూడదు. ఆ కోతలకి అంచు కుట్టించింది కూడా ఆవిడ చేతే. ఇన్నేళ్లుగా సూదమ్మ ఆ శాలువ గురించీ ఫొటో గురించీ వినడమే గానీ చూడలేదు. చూపించేదెవరు? ఆవిడకి మరో ఫొటో కూడా లేదు.

శాలువ ఇక్కడుంటే ఫొటో కూడా ఇక్కడే ఎక్కడో ఉండాలి కదా అన్న ఆలోచన రాగానే, కళ్లజోడు తియ్యకుండానే లేచింది.

పక్క గదిలో టచింగాయన ఉన్నాడు. పాత ఫొటోల మీది గీతలూ మచ్చలూ కనబడకుండా సన్నటి బ్రష్షుతో రంగు వెయ్యడం ఆయన పని. బ్రష్షుని పెదాల మధ్య తిప్పి మొన చేసుకుంటాడు కాబట్టి ఆయన నాలుక ఎప్పుడూ బూడిదరంగులో ఉంటుంది. గోడకి ఆనించి తలుపంత ఫొటో ఒకటి నిలబెట్టుకుని దాని ముందు పీట మీద కూర్చున్నాడు.

"ఏం పెద్దమ్మా, ఇవాళ టీ నీ ఖర్చేనా?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

సూదమ్మ ఫొటో ముందుకి వెళ్లి నిలబడింది. ఫొటోలో లేసుల టోపీ పెట్టుకుని, మెడలో ముత్యాలతో, బుగ్గలు పూరించి ఓ పిల్లాడు కెమెరా వైపు గుడ్లురుముతున్నాడు. వాడి వెనక శాలువ గద్దె వీపులా నిలబడి ఉంది. గద్దెకి ఎక్కడైనా అంత గుండ్రటి భుజాలుంటాయా! పిల్లాడి నడుం దగ్గర కుడివైపు చెయ్యి అంగీ కుచ్చుల్లో కలిసిపోయింది. ఎడమవైపు నాలుగు వేళ్లు స్పష్టంగా ఉన్నాయి. చిటికెన వేలు కొసన లోపలికి వంగి ఉంది.

ఆమె తన ఎడమచెయ్యి ఎత్తి చూసుకుంది. చిటికెన వేలు అలాగే, అక్కడే వంగి ఉంది.

"ఆ వేళ్లేగా చూస్తున్నావు? వాటి పనే పడతా ఇప్పుడు. శాలువ మడతలాగా దిద్దేస్తే సరి" అన్నాడు టచింగాయన.

"మా అమ్మవి" అంది సూదమ్మ.

ఆయన బ్రష్షు నోట్లోంచి తీశాడు. ఫొటో వంక చూశాడు, ఆమె చేతి వంక చూశాడు.

"హారి!" అన్నాడు. "అయితే నువ్వే చెప్పాలి పెద్దమ్మా. పొద్దుట్నుంచీ నా బుర్ర తినేస్తోంది. పిల్లాడు చెక్కినట్టున్నాడు. గద్దె కాళ్లూ అంతే. శాలువ మాత్రం ఇదిగో, ఇక్కడ, గుండెలంత ఎత్తులో మసగ్గా ఉంది. కెమెరా కదిలితే అంతా కదలాలి కదా. ఇదొక్కటే ఎందుకు కదిలినట్టు?"

"ఏడ్చింది."

టచింగాయన ఆమె వైపు తిరిగాడు.

"మా తమ్ముడు పోయిన మర్నాడు తీశారిది. ఈ ఫొటోలో ఉన్నాయనా వాడూ ఒక ఈడువాళ్లే. అమ్మ పాలు ఈయనకి. వాడికి నేను పట్టే చక్కెర నీళ్లు. అప్పటికి నాకింకా పాలపళ్లు కూడా ఊడలేదు. ఇంటికెళితే వాడికిచ్చేస్తుందని అమ్మని మహలు దాటనిచ్చేవాళ్లు కాదు. వాణ్ణి మట్టిలో పెట్టేటప్పుడు ఒక్క పూట పంపారు. తెల్లారేసరికి తీసుకొచ్చి దీని కింద కూర్చోబెట్టారు. ఏడిస్తే శాలువ కదుల్తుంది, ఊపిరి కూడా మెల్లగా తీసుకో అన్నారట. తీసుకుందిట పాపం. ఎంత మెల్లగా తీసుకున్నా కదిలినట్టుంది."

టచింగాయన బ్రష్షు నీళ్లలో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. అందులో కడగడానికి రంగేమీ లేదు.

"మసక కూడా తీసెయ్యమన్నారు" అన్నాడు గొంతు తగ్గించి.

"మసక పోతే పోయింది. ఆ చెయ్యి ఉంచండి బాబూ. పేరు రాయమనను, బోర్డు పెట్టమనను. ఆ నాలుగు వేళ్లూ ఉంటే చాలు. మా అమ్మ ఈ భూమ్మీద ఉందనడానికి ఇంకేం మిగల్లేదు."

"నేను కూలికి వచ్చినవాణ్ణి పెద్దమ్మా. రేపటిదాకా టోపీ లేసులు చూసుకుంటా, వేళ్ల జోలికి పోను. ఈలోగా నువ్వు పెద్దవాళ్లతో మాట్లాడుకో. అంతకంటే నా చేతుల్లో లేదు."

ఆఫీసరమ్మ గది పెద్ద మెట్ల కింద ఉంది. వెళ్లేసరికి ఫోన్లో కుర్చీల సంగతి మాట్లాడుతోంది. చేత్తోనే కూర్చోమని సైగ చేసింది. మంచి మనిషే, ఎవర్నీ పల్లెత్తు మాట అనదు, ముసలాళ్లు వస్తే ఫ్యాను వేస్తుంది. సూదమ్మ దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. సంగతి తెలీక చిరుగులని ఉంటుంది, తెలిస్తే అయ్యో అంటుంది, అంతేగా అనుకుంది.

"అవి చిరుగులు కావు మేడం."

"తెలుసమ్మా."

సూదమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆ రోజుల్లో ఫొటో తియ్యడానికి చాలాసేపు పట్టేది. పసిపిల్లలు కుదురుగా ఉండరు కదా. కింద ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టి గుడ్డ కప్పేవాళ్లు" అంది ఆఫీసరమ్మ.

"తెలిసే చిరుగులన్నారా?"

"మరేమనమంటారు?" ఆఫీసరమ్మ ఫ్యాను వేసింది. "చూడండమ్మా, ఇవన్నీ ఆ కుటుంబం వస్తువులు. మనకి చూపించడానికిచ్చారు. ఎలా చూపించాలో కూడా వాళ్లే చెప్పారు. పెద్దరాజావారికి మొదట పుట్టిన ఇద్దరూ దక్కలేదు. మూడోవారు, మన చిన్నరాజావారూ దక్కరని ఊరంతా చెవులు కొరుక్కుంటుంటే ఆ నోళ్లు మూయించడానికి తీయించిన ఫొటో అది. వారసుడు ఎవరి ఆసరా లేకుండా గద్దె మీద కూర్చున్నాడని చుట్టుపక్కల సంస్థానాలన్నిటికీ పంపించారట. పక్కన ఓ చెయ్యి కనబడితే ఇక ఆ కథ ఎవరు వింటారు? అందరూ చెయ్యే చూస్తారు."

"చూస్తే ఏం పోయింది మేడం?"

ఆఫీసరమ్మ బల్ల మీది పెన్ను తీసి మళ్లీ అక్కడే పెట్టింది.

"ప్రారంభోత్సవం రోజు చిన్నరాజావారి మనవణ్ణి అదే గద్దె మీద, అదే శాలువ మీద కూర్చోబెడుతున్నాం. తాతగారిలాగే, ఎవరి ఆసరా లేకుండా. పేపర్లవాళ్లందరూ వస్తున్నారు. ఆ రోజుకి అసలు సందడి అదే. శాలువకి చిల్లులు కనబడితే బాగోదు. చిన్నరాజావారిని అడుగుతానంటే అడగండి, నేను వద్దనను."

తల నెరిసినా, మోకాళ్లు అరిగినా ఆయన ఇంకా చిన్నరాజావారే. తండ్రి పోయి ఎంత కాలమైనా 'పెద్ద' అన్న మాట ఆయన దగ్గరికి రాలేదు. రాజ్యమే లేనప్పుడు పెద్దేమిటి, చిన్నేమిటి! మహలు వెనకభాగంలో వాన కురవని గదులు చూసుకుని ఉంటున్నారు. మోచేతుల దగ్గర పిగిలిపోయిన స్వెటరు వేసుకుని ఎండలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"ఎవరూ, సూదమ్మేనా? రా, రా. మీ అమ్మ మొన్న కూడా గుర్తొచ్చింది. ఆవిడ చేతుల వెచ్చదనం నాకింకా తెలుస్తూనే ఉంటుంది" అన్నారు.

పాలు తాగే వయసు వెచ్చదనం ఎలా గుర్తుందో ఆ పైవాడికే తెలియాలి. అయినా ఆ మాట వినగానే సూదమ్మకి ప్రాణం లేచొచ్చింది. సంగతంతా చెప్పింది. వేళ్లు ఉంచమని ఒక్క మాట అంటే చాలు, టచింగాయన కాచుక్కూర్చున్నాడంది.

"ఆవిడ పాలు తాగి బతికినవాణ్ణి. ఆ మాట నలుగురిలో చెప్పుకోడానికి నాకేం నామోషీ లేదు."

"అయితే ఆ నలుగురూ వచ్చే రోజున ఆ చెయ్యి కనబడనివ్వండి."

ఆయన కుర్చీ చేతి మీద పెచ్చులూడుతున్న పాలిషుని గోటితో గీకారు.

"ఆ ఫొటో చూపించి నాన్నగారు ఒక మాట అనేవారు సూదమ్మా. వీడు ఒంటరిగా కూర్చున్నాడు, వీడు ఒంటరిగా నిలబడతాడు అని. నేను భయపడ్డప్పుడల్లా అదే చెప్పేవారు. పొలాలు పోయాయి, ఏనుగులు పోయాయి, సలాం కొట్టేవాళ్లు పోయారు. ఆ ఒక్క మాట మిగిలింది. నువ్వొచ్చి అది కూడా ఇచ్చెయ్యమంటున్నావు."

నేనడిగింది నాలుగు వేళ్లు కదయ్యా అనుకుంది సూదమ్మ. అనకూడదనుకున్న మాట అనేసింది.

"మా తమ్ముడు పోయాడు రాజావారూ."

"అరెరే! ఎప్పుడు?" ఆయన కంగారుగా ముందుకి వంగారు. "ఒంట్లో బాగాలేదా? నాకు కబురైనా చెయ్యలేదేం?"

సూదమ్మ ఆయన మొహంలోకి అలాగే చూసింది. ఆ మొహంలో దొంగతనం లేదు. నిజంగానే తెలీదు ఆయనకి. ఈయన నోటి దగ్గరికి వచ్చిన పాలు ఎవరి నోటి దగ్గర్నుంచి వచ్చాయో ఈయనకి ఎవరూ చెప్పలేదు, ఈయనా అడగలేదు.

"చాలా కాలమైంది లెండి" అంది.

"అయ్యో పాపం" అని నిట్టూర్చారు. తర్వాత చేతులు పైకెత్తి స్వెటరు విప్పి ఆమెకందించారు. "వెళుతూ వెళుతూ ఇది కూడా పట్టుకెళ్లు. మోచేతులు చూడు ఎలా పిగిలాయో. నీ చెయ్యి పడితే కొత్తదైపోతుంది."

చేతులు చాచి తీసుకుంది. ఆ ఇంట్లోవాళ్లు ఏదిచ్చినా చేతులు చాచడమే ఆమెకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అలవాటు. మెట్లు దిగి ఆవరణ దాటాక చూసుకుంటే స్వెటరు చంకలో ఉంది. ఛీ, నీ బతుకు చెడ అని తనని తనే తిట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి కోడలు మిషను తొక్కుతోంది. కోడలిది గట్టి నోరు. కాలు పెడలు మీంచి తియ్యకుండానే సంగతంతా విని, దారం పుటుక్కున తెంపింది.

"ఏడిసినట్టే ఉంది. శాలువ ఆవిడ మొహాన కొట్టి వచ్చెయ్యకపోయారా అత్తయ్యా?"

"కొడితే ఏమవుతుంది? ఇంకెవణ్ణో తెస్తారు. వాడెవడో మా అమ్మ కుట్టు బ్లేడు పెట్టి బరుకుతాడు. అంతకంటే నేను విప్పుకోవడం నయం కదే."

"మీరు విప్పుతారా? మీ చేత్తో?"

సూదమ్మ అన్నం ముందు కూర్చుంది గానీ మెతుకు దిగలేదు. కోడలు ఆ స్వెటరు తీసుకెళ్లి చీపురు పక్కన పడేసింది. అత్త చూసి కూడా ఊరుకుంది.

పొద్దున్న మహలుకి వెళ్లి, పక్క గది వైపు తల తిప్పకుండా తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. శాలువ మళ్లీ పరిచింది. సన్నమొన కత్తెర తీసి ఎడమవైపు కోత అంచున మొదటి కుట్టు కింద దూర్చింది. తెగలేదు. ఉన్ని నీరసించింది గానీ అమ్మ కుట్టు నీరసించలేదు. రెండోసారి కాస్త లాగి తెంపింది. ఆ తెగిన చప్పుడు ఆమె ఒక్కతికే వినబడింది.

తర్వాత కుట్టు వెంట కుట్టు విప్పుకుంటూ పోయింది. దారం ముక్కలు కాకుండా, తెగకుండా, సూది మొనతో ఒక్కొక్క చుట్టూ వదులు చేసి లాగింది. మధ్యలో ఒకచోట కుట్లు దగ్గరదగ్గరగా, తడబడుతూ ఉన్నాయి. అక్కడ ఎవరైనా పిలిచారో, పిల్లాడు ఏడిస్తే లేచిందో. ఆ లేచింది మాత్రం తమ్ముడి కోసం అయ్యుండదు. విప్పిన దారాన్ని అట్టముక్కకి చుట్టి, తన సూదుల డబ్బాలో అడుగున పెట్టింది. అప్పటిదాకా ఏడవలేదు. డబ్బా మూత పెడుతుంటే ఏడుపు ముంచుకొచ్చింది. శాలువ మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది.

ఏడుపయ్యాక కోపం వచ్చింది. మూసెయ్యమన్నారుగా? మూస్తాను. పైనున్నవాడు దిగొచ్చి వెతికినా దొరక్కుండా మూస్తాను అనుకుంది.

శాలువ లోపలి మడతలోంచి అదే ఉన్ని పోగులు లాగింది. వాటిని ఒకటొకటిగా సూదికెక్కించి, కోతకి ఈ పక్క నేత ఎక్కడ ఆగిందో ఆ పక్క అక్కడే పట్టుకుని నిలువు పోగులు వేసింది. వాటి మీదుగా అడ్డంగా, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి, నేసేవాడు నేసినట్టు నేసుకుంటూ పోయింది. మామూలుగా రఫ్ఫు చేసేటప్పుడు మళ్లీ అవసరమైతే విప్పడానికి వెనకవైపు పోగు కొస కాస్త వదులుతారు. సూదమ్మ వదల్లేదు. ప్రతి కొసనీ నేతలోకే తోసి మాయం చేసింది. మెడ పట్టేసింది, కళ్లు నీళ్లు కారాయి, మర్నాడు మళ్లీ వచ్చి రెండోదీ అలాగే మూసింది. ఆఖర్న తడిగుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టి, శాలువ ఎత్తి కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుంది. ఎక్కడ కుట్టిందో తనకే దొరకలేదు. జన్మలో అంత మంచి పని చెయ్యలేదామె. అందుకు ఆమెకి అసహ్యం వేసింది.

ప్రారంభోత్సవానికి సూదమ్మని కూడా రమ్మన్నారు. గౌరవానికేం కాదు. శాలువ మడతలు సర్దడానికి ఒకళ్లు ఉండాలి కదా. పెద్ద హాలు గోడకి తలుపంత ఫొటో వేలాడుతోంది. నడుం దగ్గర చెయ్యి లేదు, చక్కటి శాలువ మడత ఉంది. గుండెల దగ్గర మసక లేదు. భుజాల గుండ్రం కూడా చెక్కేసి కుర్చీ వీపులా తిన్నగా దిద్దారు. టచింగాయన దూరంగా స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె చూడగానే తల దించుకున్నాడు. ఆయన్ని తిట్టుకోడానికి కూడా ఆమెకి మనసొప్పలేదు.

ఫొటో కింద గద్దె, గద్దె మీద శాలువ. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించాడు, మాట్లాడాడు, ఇంకాస్త మాట్లాడాడు. చిన్నరాజావారు పాత జరీ అంగీలో, సూదమ్మ బాగు చేసిన చంకలతో, ఫొటో వైపు చెయ్యి చూపించి తండ్రి మాట చెప్పారు. వీడు ఒంటరిగా కూర్చున్నాడు, వీడు ఒంటరిగా నిలబడతాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు మనవణ్ణి తెచ్చారు. లేసుల టోపీ, ముత్యాలు, అంతా అదే. పేపర్లవాళ్లు కెమెరాలు ఎత్తి ముందుకి తోసుకొచ్చారు.

పిల్లాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి చేతులు తీశారు. పిల్లాడు బస్తా ఒరిగినట్టు పక్కకి ఒరిగాడు. మళ్లీ కూర్చోబెట్టారు. ఈసారి ముందుకి పడబోతే తల్లి పట్టుకుంది.

"నేను పట్టుకుంటానండీ" అంది ఆ అమ్మాయి మామగారితో.

"వద్దమ్మా, వద్దు. ఒంటరిగా కూర్చోవాలి" అన్నారు చిన్నరాజావారు. నుదుటి మీద చెమట పట్టింది ఆయనకి.

దిండ్లు తెప్పించారు. దిండ్ల మధ్య పిల్లాడు కూరుకుపోయి, మొహం కందగడ్డ చేసుకుని గుక్కపట్టి ఏడవడం మొదలెట్టాడు. ముఖ్య అతిథి వాచీ చూసుకున్నాడు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరమ్మ చిన్నరాజావారి చెవిలో ఏదో అంది. ఇద్దరూ కలిసి సూదమ్మ వైపు చూశారు. గద్దె పక్కకి రమ్మని పిలిచారు.

"అతిథుల్ని కాసేపు పక్క గదులు చూడ్డానికి పంపిస్తాం" అంది ఆఫీసరమ్మ గుసగుసగా. "మీరు శాలువ కింద కూర్చుని పిల్లాణ్ణి పట్టుకోండి. ఒక్క నిమిషం. మీరు ఎవరికీ కనబడరు."

"మీ అమ్మలాగే సూదమ్మా" అన్నారు చిన్నరాజావారు. బతిమాలుతున్నట్టే అన్నారు. "ఆవిడ ఎప్పుడూ కాదనలేదు."

సూదమ్మ శాలువ వైపు చూసింది, వాళ్లిద్దరి వైపు చూసింది.

"కూర్చుంటాను. చేతులెక్కణ్ణుంచి పెట్టను?"

"అదే, ఆ చోట్లు ఉన్నాయి కదా."

"చిరుగులా మేడం? మూసెయ్యమన్నారుగా. మూసేశాను."

ఆఫీసరమ్మ వంగి శాలువ మీద చేత్తో వెతికింది. అటూ ఇటూ తిప్పింది. చిన్నరాజావారు కూడా కళ్లజోడు సర్దుకుని వంగారు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని, పడిపోయిన సూదిని వెతికినట్టు వెతికారు. పక్కన పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు.

"విప్పెయ్యండి త్వరగా" అంది ఆఫీసరమ్మ.

"విప్పడానికి కుట్టు కనబడాలి కదమ్మా. ఇప్పుడది ఎక్కడుందో నాకే తెలీదు." సూదమ్మ డబ్బా తెరిచి కత్తెర తీసింది. "కోసెయ్యమంటే కోస్తాను. ఎక్కడ కొయ్యాలో చూపించండి. పేపర్లవాళ్లు చూస్తున్నారు మరి."

ఆఫీసరమ్మ కెమెరాల వైపు చూసింది. చిన్నరాజావారు ఇంకా శాలువని తడుముతూనే ఉన్నారు. ఆయన వేళ్లు శాలువ మీద ఒకే చోట ఆగి ఆగి తిరుగుతున్నాయి. అక్కడ ఏదో ఉండాలని ఆయనకి తెలుసు, దొరకడం లేదు. ఆ క్షణంలో సూదమ్మకి ఆయన మీద జాలి వేసింది. వేసినందుకు తన మీద తనకి ఒళ్లు మండింది.

అంతలో పిల్లాడు దిండ్ల మీంచి దొర్లాడు. తల నేలకి తగలబోయేదే. దగ్గరున్నది సూదమ్మ. కత్తెర వదిలేసి రెండు చేతులా పట్టుకుంది. పిల్లాడు ఏం పాపం చేశాడు? భుజాన వేసుకుని వీపు నిమిరింది. ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. వాణ్ణి గద్దె మీదే కదా కూర్చోబెట్టాలి. దిండ్లు పక్కకి నెట్టి, అమ్మ కూర్చున్న గద్దె మీద, మూసేసిన ఆ శాలువ మీద తను కూర్చుని, పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుంది. ఎడమచేత్తో నడుం చుట్టూ పట్టుకుంది. వాడు ఆమె చిటికెన వేలు పట్టుకుని, ఏడుపు ఆపి, కెమెరాల వైపు గుడ్లురిమి చూశాడు.

"లే సూదమ్మా" అన్నారు చిన్నరాజావారు పళ్లబిగువున.

"లేస్తే పడతాడండీ" అంది.

వెనకనించి ఒక కెమెరా చప్పుడైంది. తర్వాత అన్నీ ఒక్కసారే మెరిశాయి. సూదమ్మ కళ్లు మూసుకోలేదు. ఏడుపొస్తే ఏడవచ్చు, మీద శాలువ లేదు. కానీ రాలేదు.

మర్నాడు పొద్దున్నే పనికి రావద్దని మహలు నుంచి కబురొచ్చింది. ఆ కబురు తెచ్చినవాడు స్వెటరు కూడా అడిగి తీసుకెళ్లాడు. అది మోచేతుల దగ్గర అలాగే పిగిలి ఉంది.

కోడలు పేపరు కొనుక్కొచ్చి, వాకిట్లోంచే కేకలు వేస్తూ లోపలికొచ్చింది. "అత్తయ్యా, మొదటి పేజీ!" అంది. ఆత్రంగా విప్పి చూసింది.

ఫొటోలో పిల్లాడున్నాడు. టోపీ, ముత్యాలు, గుడ్లురిమిన చూపు. సూదమ్మ మొహం లేదు. మెడ దగ్గర్నుంచి పైది కత్తిరించేశారు, పక్కలు కత్తిరించేశారు. మిగిలిన ఆమె చీర పిల్లాడి వెనక పరదాలా ఉంది. తాతగారి గద్దె మీద ధీమాగా మనవడు అని కింద రాశారు. పిల్లాడి నడుం దగ్గర ఎడమవైపు నాలుగు వేళ్లు మాత్రం ఉండిపోయాయి. అక్కడ కత్తిరిస్తే పిల్లాడు తెగుతాడు.

"దరిద్రులు! మనిషిని మనిషినే కోసిపారేశారు" అని కోడలు తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూ తిడుతూ పేపరు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇదిగో, చెయ్యి మిగిలింది అత్తయ్యా. వంకర వేలు చూడండి, మీ చెయ్యే!"

సూదమ్మ పేపరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ చేతి మీద తన చెయ్యి ఆనించింది.

"కాదే. మా అమ్మది" అంది.